కూలవలసిన గది

మా బడిలో ఒక గదికి కప్పు లేదన్న సంగతి ప్రభుత్వానికి మొదటినుంచీ తెలుసు. ఆ కప్పు ఏ పద్దు కిందికి వస్తుందన్నదే తేలలేదు. తుపానుకి పెంకులు ఎగిరిపోయిన వారంలోనే ఫోటోలు తీసి పంపాం. అందినట్టు జవాబు వచ్చింది. మళ్ళీ పంపాం. మళ్ళీ అందినట్టు జవాబు వచ్చింది. జవాబులివ్వడంలో మా శాఖని ఎవరూ వేలెత్తి చూపలేరు.

మాది గోదావరి మధ్యలో ఒక లంక. చుట్టూ నీళ్ళు, ఒడ్డంతా ఇసుక, లోపల అరటితోటలు, వాటి పక్కన బడి. బడికి ఇద్దరం. హెడ్‌మిస్ట్రెస్ తిలోత్తమ గారు, నేను. ఉన్న రెండు గదుల్లో ఒకదాని కప్పు పోయాక మూడు, నాలుగు, అయిదు తరగతులు వరండాలో కూర్చునేవి. ఎండ జరిగే కొద్దీ పిల్లలూ జరిగేవారు. వాన వస్తే బడి వదిలేసేవాళ్ళం. ఆ ఏడాది వానలు దండిగా పడ్డాయి. రైతులు సంతోషించారు, మూడో తరగతి వాళ్ళు అంతకంటే ఎక్కువ సంతోషించారు. తిలోత్తమ గారు మాత్రం తీసివేతలు సగంలో ఆగిపోయాయని తిండి మానేసినంత పని చేశారు.

తాటాకు పాక వేసుకుందామని ఊళ్ళోవాళ్ళు అన్నారు. బళ్ళకి పాకలు కూడదని అగ్నిప్రమాద నివారణ నిబంధన ఒకటుంది. కప్పే లేని గదికి నిప్పంటుకునే అవకాశం లేదు గనక ఆ నిబంధన కింద మా బడికి పూర్తి మార్కులు వచ్చాయి. జిల్లాలో రెండో స్థానం మాదే.

సరిగ్గా ఆ రోజుల్లోనే గ్రాంటు–రుణ సమతుల్య విధానం వచ్చింది.

దాని గురించి వివరించడానికి హెడ్మాస్టర్లందరినీ మండల కేంద్రానికి పిలిచారు. తిలోత్తమ గారి వెంట నేనూ వెళ్ళాను. వేదిక మీద నిధుల వర్గీకరణ అధికారి శేషతల్పశాయి గారు ఉన్నారు. మనిషి బక్కగా ఉంటారు, వాక్యాలు మాత్రం భారీగా ఉంటాయి.

“ప్రభుత్వము తల్లి వంటిది,” అని మొదలుపెట్టారు. “తల్లి అన్నము పెట్టును. తిన్న అన్నమునకు అప్పు అడుగదు. కాని అదే తల్లి మేడ కట్టి ఇచ్చినచో ఏమగును? అది ఆస్తి యగును. ఆస్తిని అనుభవించువారు ఋణము భరించవలెను. కావున ఏడాదిలోపు తరిగిపోవు ప్రతి వస్తువునకు గ్రాంటు. ఏడాది దాటి మిగిలిపోవు ప్రతి వస్తువునకు ఋణము. ఇందులో సందేహమునకు తావు లేదు.”

తావు లేదన్నారు గానీ సాయంత్రం దాకా సందేహాలే. సుద్దముక్క గ్రాంటు, నల్లబల్ల అప్పు. డస్టర్‌లో గుడ్డ గ్రాంటు, దాని వెనక చెక్క అప్పు. గంట అప్పు, గంట కట్టిన తాడు గ్రాంటు. సాంబారు గ్రాంటు, సాంబారు గిన్నె అప్పు. అడుగు మాడిపోయిన గిన్నె సంగతేమిటని ఎవరో అడిగితే దాని మీద ఒక ఉపసంఘం వేశారు.

“మరి ఎక్కాలండీ?” అని వెనక వరసలోంచి ఒకాయన లేచారు. “ఒకసారి నేర్పితే చచ్చేదాకా ఉంటాయి కదండీ. అవి చెప్పే టీచరు జీతం కూడా అప్పేనాండీ?”

“ఆ విషయము ప్రభుత్వము కూలంకషముగా పరిశీలించినది,” అన్నారు శేషతల్పశాయి గారు. “గత సంవత్సరపు పరీక్షాఫలితములు చూచిన మీదట చదువును తరిగిపోవు పద్దులోనే ఉంచితిమి.”

నిజానికి అప్పు చేయడానికి మాకేం సిగ్గు లేదు. తీర్చడమే ఎలాగో తెలీదు. బడికి రాబడి ఏముంటుంది? రాబడి లేని బడికి రుణయోగ్యత లేనట్టు. రుణయోగ్యత లేని బడిని పక్క బడిలో విలీనం చేస్తారు. మా పై లంక బడి నల్లబల్ల కోసం అప్పు తీసుకుని వాయిదా కట్టలేక, ఒడ్డునున్న పెద్ద బడిలో కలిసిపోయింది. ఆ పిల్లలు ఇప్పుడు పడవ ఎక్కి వెళ్ళాలి. వరదొస్తే పడవ ఆగిపోతుంది. ఆగిన పడవ మళ్ళీ మొదలయ్యేసరికి సగం మంది పిల్లలు అరటిగెలలు మొయ్యడం నేర్చుకున్నారు. నల్లబల్ల మాత్రం చెక్కు చెదరకుండా అక్కడే ఉంది. మిగిలిపోయే వస్తువని ప్రభుత్వం ముందే చెప్పింది.

తిలోత్తమ గారి భయమంతా అదే. గది కావాలి, గది కోసం బడి పోకూడదు. ఆవిడ ఇంకేమీ అడగలేదు. సభలో ఆవిడ లేచి నిలబడ్డారు.

“అయ్యా, గది కట్టుకోవాలంటే అప్పు తప్పదాండీ?”

“గది చిరకాలము నిలుచును కదా.”

“నిలవకపోతేనండీ?”

శేషతల్పశాయి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన ఉద్యోగ జీవితంలో ఎవరూ ఇంత లోతైన ప్రశ్న అడిగినట్టు లేదు. “ఒక విద్యాసంవత్సరములో సంపూర్ణముగా తరిగిపోవు గది అయినచో, అది సుద్దముక్కతో సమానము. గ్రాంటు ఇవ్వవచ్చును.”

“అంటే కూలిపోవాలి.”

“మేము ఆ పదము వాడము. సహజ వినియోగము అందుము.”

 తిరుగు పడవ దిగాక తిలోత్తమ గారు, “మాస్టారూ, ఏడాదికొకసారి పడిపోయే గదైనా వరండా కంటే నయమే కదా,” అన్నారు. నయమేనన్నాను. ఆవిడ ముందు కాదనే ధైర్యం నాకెప్పుడూ లేదు.

దరఖాస్తు పెట్టాం. ఈసారి అందినట్టు జవాబుతో ఆగలేదు, మంజూరైనట్టు కూడా వచ్చింది. దాంతోపాటే షరతులు. గది చివరి పనిదినం దాకా దృఢంగా నిలబడాలి. వేసవి సెలవుల్లో పడాలి. బడి తెరిచేలోపు పూర్తిగా పడి ఉండాలి. పడేటప్పుడు చదువుకి అంతరాయం కలగకూడదు. పిల్లల భద్రత విషయంలో ప్రభుత్వం రాజీపడదని చివర్న ముద్ద అక్షరాల్లో ఉంది.

అంచనా వేయడానికి మృదుల అనే ఇంజినీరమ్మాయి వచ్చింది. కాలేజీలో బంగారు పతకం తెచ్చుకున్న పిల్ల. కొత్త ఉద్యోగం. వరండా మెట్టు మీద కూర్చుని కన్నీళ్ళు పెట్టుకున్నంత పని చేసింది.

“గట్టిగా ఎలా కట్టాలో నాలుగేళ్ళు చెప్పారు మేడం. పడిపోయేలా కట్టడం ఒక్క క్లాసులో కూడా చెప్పలేదండి.”

“నేనున్నాను కదండీ అమ్మా. కంగారు పడకండి,” అన్నారు పక్కన నిలబడ్డ కాంట్రాక్టర్ వీరభూషణం గారు.

వీరభూషణం గారిని మా వైపు ఎరగనివాళ్ళు లేరు. ఆయన కట్టిన కల్వర్టు మీంచి ఎద్దుబండి వెళ్ళింది, అదే ఆ కల్వర్టు చూసిన మొదటి బండి, చివరి బండీ. ఆయన కట్టిన నీళ్ళ ట్యాంకు ప్రారంభోత్సవం నాడే రిబ్బనుతో పాటు దిగిపోయింది. ఈ పనికి ఆయన కంటే తగినవాడు లేడని మండలమంతా ఏకగ్రీవంగా అనుకున్నారు. ఆయన మాత్రం హామీపత్రం చూసి నొచ్చుకున్నారు. “నేను కట్టబోవు ఈ గది వేసవి సెలవులలో కూలిపోవునని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను” అని అందులో ఉంది.

“కల్వర్టు పడిపోయిందని పేపర్లో ఏశారండి, ఊరుకున్నాను. ట్యాంకు పడిపోయిందని అందరి ముందూ తిట్టారండి, పడ్డాను. ఆయ్, అంతేగానండీ, పడిపోద్దని ముందుగా కాయితం రాసిచ్చిన మనిషి మా ఇంటావంటా లేడండి. పరువు తక్కువ కాదేటండి?”

“పిల్లల కోసం రాయండి భూషణం గారూ,” అన్నారు తిలోత్తమ గారు. “మీ వల్ల అవుతుందని నాకు నమ్మకం ఉంది.”

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. తన పనితనం మీద నమ్మకముందని ఒక మనిషి అనడం ఆయన వినడం అదే మొదటిసారి. సంతకం చేశారు. సంతకం కింద ఇంకో షరతుంది. అంచనా నుంచి ఏ మేరకు పక్కకి జరిగినా ఆ ఖర్చంతా గుత్తేదారే భరించాలని. దాన్ని ఆయన చదవలేదు. ఏ కాంట్రాక్టులోనైనా ఉండేదే, ఎప్పుడూ ఎవరూ అమలు చేయనిదే.

మృదుల రెండు రోజులు లెక్కలు వేసింది. ఒక పాలు సిమెంటుకి పదిహేను పాళ్ళ ఇసుక. పైన తేలిక రేకులు. ఇలా అయితే చలికాలం దాటుతుందనీ, రోహిణి కార్తె ఎండకి బీటలు వారి మొదటి గాలివానకి పడుతుందనీ తేల్చింది. అంచనాలో సిమెంటు బస్తాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకునేటన్ని, ఇసుక మాత్రం కొండంత. పై అధికారులు చూసి, ఇంత బలహీనమైన అంచనా రాష్ట్రంలోనే రాలేదని ఆ అమ్మాయిని మెచ్చుకున్నారు. ఆ సాయంత్రం వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి ఏడ్చిందట.

పని మొదలైంది. ఇసుక ట్రాక్టర్లు పొద్దున్న నిండుగా వచ్చేవి, మధ్యాహ్నం చాలా మటుకు నిండుగానే తిరిగి వెళ్ళేవి. ఎందుకలా వెళ్తున్నాయని అడిగితే, “నాణ్యత బాలేదండి మాస్టారూ, ఎనక్కి పంపిత్తన్నాను,” అన్నారు వీరభూషణం గారు. ఎంత శ్రద్ధో అనుకున్నాను. పడిపోయే గదికి కూడా మంచి ఇసుక వెతికే మనిషిని లోకం ఇన్నాళ్ళూ అపార్థం చేసుకుందే అని జాలి కూడా వేసింది.

దసరా సెలవులు అయ్యేసరికి గది తయారైంది. తిలోత్తమ గారు పిల్లల్ని వెంటనే లోపలికి పంపలేదు. కుర్చీ తీసుకెళ్ళి గోడకి ఆనించి, వీపు గోడకి ఆన్చి, మొదటి వారమంతా ఆవిడొక్కరే అందులో కూర్చుని పేపర్లు దిద్దారు. వద్దండీ అన్నాను.

“పడితే ముందు నా మీదే పడాలి కదా మాస్టారూ,” అన్నారు.

 శాఖలో చేరినప్పటినుంచీ పిల్లల భద్రత గురించి చాలా ఉత్తర్వులు చదివాను గానీ వీపు ఆన్చి కూర్చున్న అధికారిని చూడలేదు.

తరవాత పిల్లలు వచ్చారు. గోడలకి దూరంగా, గది మధ్యలో గుంపుగా కూర్చోబెట్టాం. వాయుగుండం వచ్చి రాత్రంతా ఊపేసింది. తెల్లారేసరికి పాత వరండా సగం లేదు. నా ఇంటి రేకులు రెండు అరటితోటలో తేలాయి. కొత్త గది మాత్రం మొహం కడుక్కున్నట్టు నిలబడి ఉంది. మృదుల ఫోన్ చేసి, “పడిందా మేడం?” అని అడిగింది. “లేదమ్మా,” అన్నారు తిలోత్తమ గారు. “అయ్యో, మొదటి వర్కండి,” అంది ఆ పిల్ల దిగులుగా. క్రమంగా మా భయం పోయింది. పిల్లలు గోడలకి ఆనుకున్నారు, గోడల మీద ఎక్కాలు రాశారు, గోడకేసి బంతి కొట్టారు. ఏ వానకీ బడి వదల్లేదు. మూడో తరగతి వాళ్ళు తీసివేతలు ముగించి గుణకారాల్లోకి దిగారు. నేను ఆ బడిలో చేరాక పరీక్షల్లోపు పుస్తకం పూర్తికావడం అదే మొదలు.

సెలవులిచ్చాం. రోహిణి కార్తె వచ్చింది. ఎండకి గోదావరి ఇసుక పేలాలు వేయించేటంత కాగింది. గోడకి ఒక్క బీట రాలేదు. రెండు గాలివానలు వచ్చి వెళ్ళాయి. ఊళ్ళో గేదెలన్నీ ఆ గోడకే వీపు రుద్దుకుంటున్నాయి. తిలోత్తమ గారు రోజూ పొద్దున్నే వచ్చి గదిని చూసి, సంతోషపడి, వెంటనే బెంగపెట్టుకుని ఇంటికి వెళ్ళేవారు.

బడి తెరవడానికి ముందు రోజు సహజ వినియోగ నిర్ధారణ సంఘం పడవ దిగింది. శేషతల్పశాయి గారు గొడుగుతో, మృదుల ఫైళ్ళతో, వెనక ముగ్గురు బంట్రోతులు. వీరభూషణం గారిని కూడా పిలిపించారు. ఆయన రేవు దగ్గర్నుంచే గదిని చూసి నివ్వెరపోయి నిలబడిపోయారు.

“ఏమిది?” అన్నారు శేషతల్పశాయి గారు. “వస్తువు ఇంకనూ మిగిలియున్నదే?”

బంట్రోతులు ముగ్గురూ గోడని తోశారు. చెప్పులు జారాయి గానీ గోడ జరగలేదు. మేకు కొట్టమన్నారు, మేకు వంగింది. చివరికి ఆయనే గొడుగు మడిచి, భుజం ఆన్చి, శాస్త్రోక్తంగా ఒక తోపు తోసి, భుజం పట్టుకుని కూర్చున్నారు. జేసీబీ తెప్పిద్దామా అని ఒక బంట్రోతు అడిగాడు.

“కూడదు. నిబంధనలో సహజముగా అని ఉన్నది. జేసీబీ సహజము కాదు.”

ఆయన లేచి దుమ్ము దులుపుకున్నారు. “ఇది నిస్సందేహముగా ఆస్తి. కావున గ్రాంటు రద్దు. మొత్తము ఋణపద్దుకు మార్చబడును. ఈ పాఠశాలకు ఋణయోగ్యత లేదు. కావున రేపటినుండి ఒడ్డునున్న పాఠశాలలో విలీనము.” విలీనం ఉత్తర్వు ముందే టైపు చేయించి తెచ్చారు. జేబులోంచి పెన్ను తీశారు.

తిలోత్తమ గారి మొహం తెల్లబోయింది. “అయ్యా, గది బాగుందని బడి మూసేస్తారా? గోదారి దాటి వెళ్ళేవాళ్ళు కాదండీ మా పిల్లలు. రెండో తరగతి వాళ్ళకి పడవ అంచు కూడా అందదండీ.”

“అమ్మా, గది చెడుగా ఉండవలెనని మీరే కదా కోరినారు.”

అందులో తప్పుపట్టడానికేమీ లేదు. నాకు మాత్రం ఆ మనిషిని గొడుగుతో సహా గోదాట్లోకి నెట్టెయ్యాలనిపించింది. నెట్టలేదు. నాకింకా సర్వీసు ఉంది.

తిలోత్తమ గారు కొంగుతో మొహం తుడుచుకుని మృదుల వైపు తిరిగారు. “అమ్మా, నువ్వు పడిపోతుందని లెక్క కట్టావు. నీ లెక్క తప్పదు. మరి ఎందుకు పడలేదు?”

మృదుల గోడ దగ్గరికి వెళ్ళింది. రెండు ఇటుకల మధ్య సున్నితంగా గీకబోయింది, రాలేదు. ఉలి అడిగి తీసుకుని చెక్కింది. ఆ పెళ్ళని వేళ్ళ మధ్య నలిపి చూసింది. నలగలేదు. ఏడాది తరవాత మొదటిసారి ఆ అమ్మాయి మొహంలో నవ్వు కనపడింది.

“ఇది ఒకటికి పదిహేను కాదండి. ఒకటికి నాలుగు కూడా ఉండదు. కోట గోడకి కూడా ఇంత సిమెంటు పొయ్యరండి.”

“సిమెంటు అధికముగా వాడితిరా?” అని గద్దించారు శేషతల్పశాయి గారు.

“లేదండి. రాసినన్ని బస్తాలే తెచ్చానండి,” అన్నారు వీరభూషణం గారు.

“మరి ఇసుక ఏమైనది?”

అందరం ఆయన వైపు చూశాం. ఆయన తల వంచుకున్నారు.

“అలవాటండి,” అన్నారు. “అంచనాలో ఏది ఎక్కువుంటే దాంట్లోంచి తియ్యడం మా నాన్నగారి రోజుల్నించీ ఉన్నదేనండి. ఇదివరకు సిమెంటు తీసేవాణ్ణండి. ఈసారి తీద్దామంటే సిమెంటేదండీ? ఎక్కడ చూసినా ఇసకేనాయె. దాన్నే పట్నం పంపేశానండి. చెయ్యి ఊరుకోదు కదండీ మరి.”

ఇలా గట్టి గది కట్టిన దొంగతనం మా మండలంలో అంతకుముందు లేదు.  ముందుగా తేరుకున్నది తిలోత్తమ గారే.

“అయ్యా, ఒప్పందంలో ఒక షరతుందండి. అంచనా నుంచి పక్కకి జరిగితే ఖర్చు కాంట్రాక్టరుదేనని. ఆయన పక్కకి జరిగారు కదండీ. అప్పుడిది గ్రాంటూ కాదు, అప్పూ కాదు.”

శేషతల్పశాయి గారు ఒప్పందం తెప్పించుకుని రెండుసార్లు చదివారు. చదువుతుండగా ఆయన మొహంలో ఏదో వెలుగు రావడం నేను కళ్ళారా చూశాను. “గ్రాంటు కాదు,” అన్నారు మెల్లగా. “ఋణము కాదు. ప్రభుత్వమునకు వ్యయమే లేదు. అయినను గది యున్నది.” పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నారు. విలీనం ఉత్తర్వు నాలుగు మడతలు పెట్టి విసురుకోవడం మొదలెట్టారు. ఆ గాలి తగిలి తిలోత్తమ గారు మెట్టు మీద కూలబడి ఏడ్చారు, మృదుల ఆవిణ్ణి పట్టుకుంది.

వీరభూషణం గారొక్కరే ఒప్పుకోలేదు. “ఇదేం న్యాయమండీ? నేను కట్టినయ్యి ఎన్నో పడ్డాయండి, ఒక్కదానికీ పైసా కట్టలేదు. ఒక్కటంటే ఒక్కటి నిలబడింది. దీనికి కట్టమంటారేటండి?”

కట్టించారు. తీసుకున్న బిల్లులు వెనక్కి రాబట్టారు, కారు అమ్మించారు. ప్రభుత్వ నిర్మాణానికి అనవసరమైన పటుత్వం కలిగించినట్టు ఆయన మీద అభియోగం రాశారు. సంఘం వచ్చి వెళ్ళిన మరుసటి రోజే మా బడి తెరిచాం. పిల్లలు వాళ్ళ గదిలో వాళ్ళు కూర్చున్నారు. ఇక్కడితో కథ ఆపేస్తే నాకూ హాయిగానే ఉంటుంది.

కానీ ప్రభుత్వం ఒక మంచిపని ఒకచోట జరిగితే అక్కడితో వదిలెయ్యదు. శేషతల్పశాయి గారికి ప్రమోషన్ వచ్చి రాజధానికి వెళ్ళారు. ఆర్నెల్లలో కొత్త విధానం వచ్చింది. దాని ప్రకారం బడికి ఏది కట్టినా తరిగిపోయే అంచనాతోనే కట్టాలి. అంచనా ప్రకారం పడిపోతే గ్రాంటు. కాంట్రాక్టరు అపరాధం వల్ల నిలబడిపోతే ప్రభుత్వానికి ఖర్చు లేదు. శాశ్వత భవనాలన్నీ ఇకమీదట గుత్తేదారుల అపరాధాల ద్వారానే సమకూరుతాయని ఉత్తర్వులో ఉంది. మా గది ఫోటో అట్ట మీద వేశారు.

మా అయిదో తరగతి ఆడపిల్లలు పొద్దున్న బడికొచ్చింది మొదలు సాయంత్రం ఇంటికెళ్ళేదాకా మంచినీళ్ళు తాగరని తిలోత్తమ గారు కనిపెట్టింది ఆ ఏడే. కారణం అడిగితే ఆ పిల్లలు నవ్వి మొహం తిప్పుకున్నారు. మరుగుదొడ్డి లేదు, చుట్టూ తోటల్లో కూలీలు. ఆవిడ ఆ వారమే దరఖాస్తు పెట్టారు, వెంటనే మంజూరైంది. ఒకటికి పదిహేను అంచనా. టెండరు వీరభూషణం గారికే దక్కింది.

ఆదివారం నాడు ఇద్దరం ఆయనింటికి వెళ్ళాం. మనిషి చిక్కిపోయారు. నుదుట విభూతి పెట్టుకున్నారు. మజ్జిగ ఇచ్చి కూర్చోబెట్టారు.

తిలోత్తమ గారు ఎలా మొదలుపెట్టాలో తెలియక గ్లాసు వైపే చూస్తూ, “భూషణం గారూ, ఈసారి కూడా ఇసుక... అదే, ఇదివరకటిలా...” అన్నారు.

ఆయన రెండు చేతులూ జోడించారు. “ఆ మాట అనకండి మేడం గారూ. మానేశానండి. మా ఆవిడ పిల్లల మీద ఒట్టేయించుకుందండి. ఇప్పుడు అంచనాలో ఏది రాసుంటే అది, ఒక్క తట్ట తక్కువుండదండి. నీతిగా బతుకుతున్నానండి.”

“నీతి మంచిదే అండీ. కానీ పసిపిల్లలు వెళ్ళే చోటు. నిలబడాలి కదండీ. ఈ ఒక్కసారికి తీసుకోండి. మీకు పడే జరిమానా నేను కడతాను. నా పీఎఫ్ ఉంది.”

నేను ఉలిక్కిపడి ఆవిడ వైపు చూశాను. ఆవిడ చూపు తిప్పలేదు.

“మీ కాళ్ళకి దణ్ణం పెడతానండి,” అన్నారు వీరభూషణం గారు. ఆయన గొంతులో కల్లాకపటం లేదు. “పెద్ద చదువు చదువుకున్నోరు, పిల్లలకి నీతులు చెప్పేవోరు. నన్ను దొంగతనం చెయ్యమని మీరే అడిగితే ఎలాగండి?”

తిలోత్తమ గారు మజ్జిగ గ్లాసు కింద పెట్టారు. ఇద్దరం లేచి వచ్చేశాం. 

మరుగుదొడ్డి అంచనా ప్రకారమే తయారైంది. ఇసుక ఒక్క తట్ట తగ్గలేదు. తిలోత్తమ గారు తలపిన్నుతో గోడ మీద గీస్తే పిడికెడు రాలింది. ఆవిడ మళ్ళీ కుర్చీ తీసుకెళ్ళి గోడకి ఆనించబోయి, గోడ కదలడం చూసి, పిల్లల్ని దూరంగా పంపించేసి దానికి తాళం వేసేశారు. వేసవి సెలవుల్లో, చెప్పిన వారంలో, చదువుకి ఏ అంతరాయమూ లేకుండా అది పడిపోయింది. వీరభూషణం గారికి జిల్లా ఉత్తమ గుత్తేదారుగా శాలువా కప్పారు. మా బడికి ప్రశంసాపత్రం వచ్చింది, మరుసటి ఏడాదికి మళ్ళీ అదే గ్రాంటు మంజూరైంది.

మా ఆడపిల్లలు మాత్రం ఇప్పటికీ పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్ళు తాగరు.